తెల్లమూతి

బాన్సువాడ బస్టాండ్ల నన్ను కొత్తగ కలిసినోళ్లు "ఏం నౌకరి చేసినవ్ అక్కా?" అని అడిగితె, "బొక్కలు తోమిన" అంట. కొందరు దవాఖాన అనుకుంటరు. కొందరు ఇంకేందో అనుకొని జర ఎడంగ జరుగుతరు. నాకు నవ్వొస్తది. రాయి అయిపోయిన పాత జీవాల బొక్కలను, అంటె ఎముకలను, బండలకెల్లి బయటికి తీసుడు నా పని. హైదరాబాద్‌ల ఒక ఆఫీసుల, కింది అంతస్తుల ఒక గదిల నా నౌకరంత గడిచింది. డైనోసార్ల బొక్కలు తీసిన, తాబేళ్లయి తీసిన, చేపలయి తీసిన. ఒక్కసారి మాత్రం సముద్రంల తిరిగిన రాకాసిది తీసిన. ఇది ముఖ్యంగ గా రాకాసి ముచ్చట.

ఆఫీసుల కొత్త పిల్లలు చేరిండ్రట. నస్రీన్ మేడం ఫోన్ చేసి, "మెషిన్లు నడుపుడు వాళ్లే నేర్చుకుంటరు గంగామణీ, పని అంటె ఏందో నువ్వు రాసియ్యి" అన్నది. నస్రీన్ మేడం అంటె పాత జీవాల మీద పెద్ద చదువు చదివిన డాక్టరమ్మ. బొక్కను చూసి గిది ఏ జంతువుదో ఆమె చెప్తది. ఆమె చూసేటట్టు బొక్కను బయటికి నేను తీస్త. ఇద్దరం కలిస్తెనే పని. సరే, రాస్తున్న. ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చింది, ఎవలు అడ్డం పడ్డరు అన్న ముచ్చట్లు దీంట్ల ఉండయి. అవి చదివితె ఎవలికీ పని రాదు.

చినిగిన ఆకు

మా అమ్మ బీడీలు చేసేది. బాన్సువాడల మా గల్లీ ఆడోళ్లందరిది గదే పని. తునికాకు తడిపి, తడి గోనెసంచిల చుట్టి మెత్తవడనియ్యాలె, కత్తెరతోని కత్తిరియ్యాలె, తంబాకు వోసి చుట్టాలె. ఆకు ఎండితె పటుక్కున చీలుతది, తడి ఎక్కువైతె బూజు వడ్తది. బడికెల్లి రాంగనె నేను సుత చాట ముందల వేసుకొని కూసునేదాన్ని. జల్ది అయిపోవాలని చినిగిన ఆకును లోపలికి మలిచి చుట్టిన్నంటె అమ్మ చేతిమీద ఒక్కటి ఇచ్చేది. "చిరుగును దాచకే! చూసేటోనికి కనపడది గానీ గుంజేటోనికి తెలుస్తది" అనేది. నిజమే, చిరుగు ఉన్న బీడీ ఎంత గుంజినా గాలే వస్తది, పొగ రాదు.

నౌకరిల చేరిన రోజు మా ఆఫీసు పెద్దసారు నా చేతుల ఒక రాయి, ఒక సూది పెట్టిండు. రాయిల గోరంత గవ్వ ఉండె. పొద్దుగూకేవరకు దాని మీది గీతలన్ని బయటవడ్డయి. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నడు. "బీడీల కాడ సార్" అన్న. ఆయన నమ్మలె. నమ్మకపోతె మానె, గా గవ్వ మాత్రం ఆయన టేబుల్ మీద చాన ఏండ్లు ఉండె.

పెద్దసారు మంచోడు. పని చేసేటోళ్లకు అడ్డం రాడు. కాకపోతె ఏది దొరికినా జనానికి చూపెట్టాలె, జనం నోరు తెరవాలె, గది ఆయన పిచ్చి.

విప్పేటోని గురించి ఆలోచించుండ్రి

నాకన్న ముందు పనిచేసినోళ్లు ఒక డైనోసార్ తోక అతికిచ్చి పెట్టిండ్రు. మస్తు గట్టి జిగురు వెట్టిండ్రు, వాళ్లకు అది గొప్ప. నస్రీన్ మేడం వచ్చినంక చూసి, "గీ ఒక్క బొక్క ఉల్టా ఉన్నది, తీసి సక్కగ పెట్టు" అన్నది. తీద్దామంటె జిగురు వదలది! జిగురు కంటె బొక్కే మెత్తన. గుంజితె బొక్క విరుగుతది గానీ అతుకు విడువది. గా తోక ఇయ్యాల్టికీ గట్లనే ఉన్నది, ఒక బొక్క ఉల్టా.

అప్పటిసంది నా చేతుల కెమికల్ మందు చుక్క పడితె కరిగే జిగురు తప్ప వేరేది లేదు. పిల్లలూ, అతికిచ్చేటప్పుడే విప్పేటోని గురించి ఆలోచించుండ్రి. మనకు తెల్వని సంగతి రేపు ఇంకొకలకు తెలుస్తది. వాళ్ల చేతులు కట్టేసి పోవద్దు.

ఇంకొక తప్పు కొత్తోళ్లందరు చేస్తరు. దొరికిన బొక్క దారిల విరగకుండ దాని చుట్టు ప్లాస్టర్ కడ్తం గద, కింద తడి కాగితం పరవకుండ సీదా బొక్క మీదనే వేస్తరు. ఎండకు పరేషాన్ అయి మరిచిపోతరు. ఇగ ఆ ప్లాస్టర్ బొక్కను పట్టుకొని వదలది, దాన్ని సూదితోని గీకుకుంట నా అసొంటిది కూసోవాలె. ఎన్ని తిట్లు తిట్టుకున్ననో వాళ్లకు తెల్వది. తెలిస్తె నా ముఖం చూడకపోదురు.

కచ్‌ల దొరికిన తలకాయ

గుజరాత్‌ల కచ్ అని ఉన్నది. ఇప్పుడు పోతె ముండ్ల చెట్లు, ఎండిన వాగులు, మేకలు. జురాసిక్ కాలంల అదంత సముద్రం. దేవుని అర్రల పెట్టుకునే సాలగ్రామాల అసొంటి చుట్లుచుట్ల గవ్వలు అక్కడ కాలి కింద దొరుకుతయి. అక్కడ ఒక వాగు ఒడ్డుకు నస్రీన్ మేడం నిలబడి చెయ్యి లేపింది. నేను ఉరికి పోయి చూసిన. ఒడ్డుల బండ పగిలి, దాంట్లకెల్లి వరుసగ పండ్లు కనపడుతున్నయి. ఒక్కొక్కటి నా చూపుడేలు కంటె పెద్దది.

"మొసలా మేడం?" అన్న.

"మొసలికి తాత కూడా కాదు. ప్లయోసార్" అన్నది.

ప్లయోసార్లు చేపలు కావు, మొసళ్లు కావు, డైనోసార్లు అసలే కావు. గాలి పీల్చుకునే పాకుడు జంతువులు. కాళ్ల జాగల నాలుగు తెడ్లు, పొట్టి మెడ, ఒంటికి తగని పెద్ద తలకాయ. సముద్రంల కనపడ్డదాన్నల్ల పట్టి తినుడు వాటి పని. వాటిల లియోప్లూరోడాన్ అని ఒక జాతి ఉన్నది. బయటి దేశాలల్ల దానికి మస్తు పేరు. మనది గదేనా, వేరేదా అని తేల్చాలంటె మూతి కొస చూడాలె. కింది దవడ రెండు దిక్కులకెల్లి వచ్చి ముందల కలుస్తది గద, గా కలిసే జాగ పొట్టిగున్నదా పొడుగున్నదా, అక్కడ పండ్లెన్ని, గదే దాని గుర్తు.

మా ఖర్మకు మూతి కొసనే లేదు. దవడలు మూసుకున్న తలకాయ అంత ఉన్నది, ముందటి కొసను వాగు ఎన్నడో ఇరగ్గొట్టి కొట్టుకపోయింది. వాగుల అంత దేవులాడినం. దొరకలె.

ఉన్నదాన్ని కాపాడాలె గద. తడి కాగితాలు పరిచి, గోనెసంచి పట్టీలు ప్లాస్టర్ల ముంచి బండ చుట్టు కట్టినం. కూలికి వచ్చినోళ్ల భాష మాకు రాదు. మా పెద్దమ్మోళ్లది మహారాష్ట్ర సరిహద్దు కాడి మద్నూర్, అక్కడ నేర్చిన వచ్చీరాని మరాఠీతోని నేను ఏదో నెట్టుకొచ్చిన. అన్నిటికంటె కష్టం దాన్ని బోర్లించుడు. పెద్ద జొన్నరొట్టె తిప్పేటప్పుడు చెయ్యి వెనుకాడితె రొట్టె ఇరుగుతది. ఇది సుత అంతే, అందరు ఒక్కపాలి, ఒక్క ఊపుల తిప్పాలె. "హాఁ!" అని నేను ఒర్రిన ఒర్రుడుకు మేకలు బెదిరి ఉరికినయట. బండ బోర్లవడ్డది, లోపల తలకాయ మాత్రం ఇసుమంత కదలలె.

గదిలకు వచ్చినంక రెండు మూడు ఎండకాలాలు దాని మీదనే. ఒక్కొక్క పన్ను బయటవడ్తుంటె నాకు అన్నం గుర్తుకు రాకపోయేది. కంటి గుంత తెరుచుకున్న రోజు నేను ఏడ్చిన. ఎందుకు ఏడుస్తున్ననో నాకే తెల్వది, సంబురం గట్లుండె.

సార్‌తోని లడాయి

తలకాయ తయారైంది. దాన్ని చూపెట్టేతందుకు పెద్దసారు హాలు తయారు చేపిచ్చిండు, పెద్ద పెద్దోళ్లను పిలిచిండు. కిందికొచ్చి తలకాయ చుట్టు ఒక తిరుగుడు తిరిగి, "మూతి లేకుండా ఎలా పెడతాం? పొడుగ్గా, భయంకరంగా చెయ్యి. అదే రంగు వెయ్యి. అతుకు ఎక్కడుందో దేవుడికి కూడా తెలియకూడదు" అన్నడు.

"దీని మూతి పొడుగని ఎవలు చెప్పిండ్రు సార్?" అన్న.

"ఎవరు కొలుస్తారమ్మా?"

నస్రీన్ మేడం అక్కడనే ఉండె. "నేను కొలుస్త సార్. నా తర్వాత వచ్చేటోళ్లు కొలుస్తరు. లేని జంతువును మనమే పుట్టిచ్చినట్టయితది" అన్నది.

సారుకు కోపం వచ్చింది. తలకాయ ముందటి అంచు మీద వేలు పెట్టి, "ఇదంతా పగుళ్లు పగుళ్లుగా ఉంది. ముందు ఆకురాయి పట్టి సాపు చెయ్యి, ఇనుప చువ్వ దించు, గట్టి జిగురు పెట్టు. నీకు ఇష్టం లేకపోతే బయటివాళ్లతో చేయిస్తాను" అన్నడు.

ఆకురాయి అనంగనె నాకు ఒళ్లు మండింది. గా అంచు మీదనే ఒక పంటి గుంత ఉన్నది, సగం. బండల ఉన్నప్పుడే బొక్కకు పట్టిన తెల్లటి గీత ఒకటి ఆ గుంత పక్కనుంచి వచ్చి అంచు కాడ ఆగిపోయింది. నేను సారు వేలు పట్టుకొని గా గుంతల పెట్టిన. అట్ల పట్టుకోవద్దు, పెద్దాయన. పట్టుకున్న.

"గీ గుంత సగమే ఉన్నది సార్. మిగిలిన సగం గా వాగుల ఎక్కడనో ఉన్నది. ఇయ్యాల మీరు అంచు సాపు చేపిస్తె, రేపు అది దొరికినా అతుకది. అప్పుడు దాన్ని తెచ్చి నా నెత్తికి కొట్టుకోవాల్నా?"

"కోట్ల ఏళ్లమ్మా! దొరకడం కల్ల."

"దొరక్కపోతె పాయె. దొరికితె మాత్రం దానికి జాగ ఉండాలె. అప్పటిదాక అంచుకు తగులకుండ ఉత్త తెల్ల ప్లాస్టర్ మూతి పెడ్త."

సారు వేలు గుంతలనే ఉన్నది. ఆయన చానసేపు దాన్ని తడుముకుంట నిలబడ్డడు. ఆఖరికి, "సరే. తెల్లగానే పెట్టు. కానీ ప్రారంభం రోజు నువ్వే దాని పక్కన నిలబడు. నవ్విన ప్రతివాడికీ నువ్వే జవాబు చెప్పు" అన్నడు.

"నిలబడ్త సార్."

రొట్టెలు చుట్టే వెండి కాగితం అంచు మీద పరిచి, దానికి తగులకుండ ప్లాస్టర్‌తోని ఒక మొద్దు మూతి చేసిన. పండ్లు పెట్టలె, గీతలు గీయలె, రంగు వెయ్యలె. బరువు బొక్క మీద పడకుండ కింది స్టాండుకెల్లి చువ్వ ఇచ్చిన. ఇగ చూడుండ్రి, నల్లటి రాకాసి తలకాయ, ముందట సున్నం అసొంటి తెల్లమూతి.

నవ్వినోళ్లు

నవ్విండ్రు. మొహమాటం లేకుండ నవ్విండ్రు. "పాలు తాగి మూతి తుడుచుకోలేదా?" అన్నడు ఒకాయన. "రంగు అయిపోయిందా మేడం?" అని ఇంకొకామె. దాన్ని ప్రారంభించేతందుకు వచ్చిన పెద్దమనిషి, "ఇది ఇంకా పూర్తి కాలేదా?" అని సారును అడిగిండు. సారు నా దిక్కు చూసిండు.

"మాకు తెల్సింది నల్లగున్నది సార్, తెల్వనిది తెల్లగున్నది" అని చెప్పిన.

ఆయన తలకాయ ఊపి పోయిండు. సమజైందో లేదో. ఆఫీసుల మాత్రం అప్పటిసంది నా పేరు తెల్లమూతి గంగామణి. క్యాంటీన్ల చాయ్ పోసేటాయన సుత, "తెల్లమూతి మేడంకు ఒక చాయ్" అని ఒర్రేటోడు. పైకి నవ్విన గానీ లోపల మండేది. నవ్వులాటకైనా రోజూ అదే మాట పడుడు అల్కగ ఉండది, చెప్తున్న.

సెలవులకు బాన్సువాడ ఇంటికొస్తె అమ్మ అన్నం పెట్టకముందే అడిగేది: "నీ రాకాసికి మూతి దొరికిందా బిడ్డా?"

"లేదే అమ్మా."

"దొరుకుతది తియ్యి" అని బీడీలు చుట్టుకునేది. గా నమ్మకం ఆమెకు ఎక్కడికెల్లి వచ్చేదో! నాకైతె పోంగ పోంగ ఆశ సన్నగిల్లింది. నస్రీన్ మేడం మాత్రం వానకాలం అయిపోంగనె కచ్ పోయేది. వాగు ఏటేటా ఒడ్డును కోస్తది, కొత్త రాళ్లు దొర్లుతయి, గందుకని తలకాయ దొరికిన మలుపుకెల్లి కిందికి కిందికి దేవులాడేది. రాళ్లు మోసుకొచ్చేది. నేను ఒక్కొక్కటి పగులగొట్టి చూసి తలకాయ అడ్డం ఊపేదాన్ని. ఆమె ముఖం చూడబుద్ధి కాకపోయేది.

గట్లనే నేను రిటైర్ అయిన. ఆఖరి రోజు అందరు దండలు వేసినంక హాలుకు పోయి, మెత్తటి బట్టతోని తెల్లమూతి తుడిచి, బాన్సువాడ బస్సెక్కిన.

బస్టాండ్ల ఫోన్

ఈ నడుమ ఒకనాడు బీర్కూర్ పోదామని బస్టాండ్ల నిలబడ్డ. నా మేనకోడలు అక్కడనే ఉంటది. నస్రీన్ మేడం ఫోన్.

"కూసున్నవా, నిలబడ్డవా?"

"నిలబడ్డ మేడం."

"అయితె ఏదన్న పట్టుకో. మూతి అసొంటిది దొరికింది. అంచు మీద పంటి గుంత ఉన్నది గంగామణీ. సగం."

బీర్కూర్ బస్సు వచ్చింది, పోయింది. నేను హైదరాబాద్ బస్సెక్కిన. దారంత నా కాళ్లు ఆగలె, పక్కన కూసున్నామె "ఏమైందమ్మా, పాణం బాగలేదా?" అని నీళ్లిచ్చింది. దొరికింది నిజమే గానీ, మనదానిదేనా? వేరే జంతువుదైతె? నా భయం అది. మనదానిదే అయి, నేను ఇన్నేండ్లు కాపాడిన అంచు ఏ ప్లాస్టర్ తేమకో నలిగిపోయి ఉంటె? గా భయం ఇంకా పెద్దది.

గదిలకు పోయేవరకు, మేడం కచ్‌కెల్లి తెచ్చిన గుండు అసొంటి బండలకెల్లి అప్పటికే మూతి కొసను తీసిపెట్టి ఉంచిండ్రు. తీసింది మౌనిక, నా కుర్చీల కొత్తగ చేరిన పిల్ల. పని చూసిన. సాఫ్ పని. గదే మాట ఆమెకు చెప్పిన, ఎందుకంటె మంచి పనిని మంచిగున్నదని చెప్పేతందుకు మన ఆఫీసులల్ల ఎవలికీ నోరు రాదు. పెద్దసారు సుత వచ్చిండు. రిటైర్ అయి చాన ఏండ్లయింది, చేతుల కట్టె. "నేను రాకుండా తీస్తారా మూతి?" అని గద్దించి కుర్చీల కూసున్నడు.

తెల్లమూతిని రెండు చేతులతోని పట్టుకొని మెల్లగ ముందటికి గుంజిన. వెండి కాగితం సర్రుమన్నది. మూతి ఊడొచ్చింది. అంచు అట్లనే ఉన్నది, సగం గుంత, తెల్ల గీత, ఒక్క నలుసు రాలలె. నాకు పాణం లేచొచ్చింది.

కొసను పెట్టి చూసిన. కూసోలె.

ఇంకొకసారి పెట్టిన. గోరంత సందు. నస్రీన్ మేడం ముఖం తెల్లవడ్డది. మౌనిక మెల్లగ, "మేడం, లోపల జర ఎత్తు ఉన్నట్టుంది. కొద్దిగ ఆకురాయి పడితె..." అన్నది.

"ఆకురాయి పేరు ఎత్తకు!" అని నేను అనకముందే కుర్చీలకెల్లి పెద్దసారు ఒర్రిండు. మేమందరం ఆయన దిక్కు చూసినం. ఆయనకే నవ్వొచ్చింది.

సూది తీసుకొని కొస మీది పంటి గుంతల దేవులాడిన. అడుగుల జొన్నగింజంత ఇసుకరాయి పలుకు, బొక్క రంగులనే ఉన్నది. దాన్ని గీకి తీసి, ఊదిన. మళ్ల పెట్టిన.

టక్.

ఆ సప్పుడు ఈ పని చేసేటోళ్లకే తెలుస్తది. రాయికి రాయి తగిలిన సప్పుడు కాదది, తలుపు గొళ్లెం పడ్డట్టు ఉంటది. సగం గుంత, సగం గుంత కలిసి నిండు గుంత అయింది. అంచు కాడ ఆగిన తెల్ల గీత కొస మీదికి సాగి ముందటికి పోయింది. బరువు కింది స్టాండు చువ్వ మీద ఆనింది, నేను చేతులు తీసిన, అది కదలలె. జిగురు చుక్క లేదు!

నస్రీన్ మేడం వంగి కింది దవడ కలిసిన జాగ చూసింది, పండ్లు లెక్కవెట్టింది, మళ్ల లెక్కవెట్టింది. మూతి పొట్టిది. సారు ఆనాడు చెయ్యమన్న పొడుగు మూతికి సగం కూడా లేదు. "లియోప్లూరోడాన్" అన్నది. ఇన్నేండ్లు దాని పక్కన బోర్డు మీద 'ప్లయోసార్, జాతి తెలియదు' అనే ఉండె. "మన దేశంల, మన చేతుల, లియోప్లూరోడాన్!" అని నన్ను గట్టిగ పట్టుకున్నది. ఇద్దరం ఎగిరినం. ఈ వయసుల ఎగిరినం, సిగ్గేంది?

పెద్దసారు కట్టె ఊతంగ లేచి వచ్చి, అతుకు మీద వేలు పెట్టి తడిమిండు. "తెల్లగా పెట్టమన్నది నేనే కదా, గంగామణీ?" అన్నడు.

"మీరే సార్" అన్న. అబద్ధం గాదు. ఆనాడు ఆయన గట్టిగ ఒక్క హుకుం ఇస్తె నాతోని ఏమయ్యేది? పెద్దోళ్లను మన మాట వినేటట్టు చేసుడు సుత మన పనిల భాగమే, విన్ననాడు వాళ్లకు వాటా ఇయ్యాలె.

మందు పడితె కరిగే జిగురుతోని మౌనిక అతికిచ్చింది. "మేడం, అతుకు మీద రంగు అద్దాల్నా?" అని అడిగింది.

"గీత కనపడనియ్యి బిడ్డా" అన్న.

చాట పక్కన

మీకు చెప్పాల్సింది అయిపోయింది. చిరుగును దాచకుండ్రి. తెల్వని జాగను తెల్లగ పెట్టుండ్రి. నవ్వుతరు. నవ్వనియ్యుండ్రి, పక్కకు నిలబడి జవాబు చెప్పుండ్రి. వేరే గొప్ప విద్య ఏం లేదు దీంట్ల.

తెల్లమూతిని పారేస్తరేమో అని నేనే అడిగి బాన్సువాడకు తెచ్చుకున్న. ఒళ్లె పెట్టుకొని బస్సుల వచ్చిన. అమ్మ ఇంకా చేతులు ఆడినన్ని బీడీలు చేస్తున్నది, వద్దంటె వినది. నేను గడపల అడుగువెట్టంగనె తలకాయ లేపింది.

"దొరికిందే అమ్మా" అన్న.

"నేనన్ననా లేదా?" అన్నది. ఇగ ఆ రోజంత గదే మాట. గల్లీల పోయేటోళ్లనల్ల పిలిచి చెప్పింది.

ఇప్పుడు తెల్లమూతి అమ్మ చాట పక్కన ఉంటది, కత్తిరిచ్చిన ఆకు ఎగిరిపోకుండ బరువుకు పెట్టుకుంటది. మొన్న పక్కింటి ఆమె వచ్చి దాన్ని అటుఇటు తిప్పి చూసి, "ఏందవ్వా గిది? రాకాసి మూతి అన్నవ్, ఇది ఉత్త సున్నం ముద్దేనాయె!" అన్నది.

అమ్మ చుట్టుతున్న బీడీ ఆపలె, తలకాయ ఎత్తలె. "ఉత్తదే" అన్నది. "ఉత్తదని మా బిడ్డ అందరికి చెప్పింది గాబట్టే, అసలుది వచ్చి కూసున్నది."